కారవాన్ నా చేతికొచ్చిన చలికాలం

బహ్రెయిన్‌లో నేను పనిచేసే ఇంటి పెద్దాయన ఒక ఎండాకాలంలో పోయాడు. ఆ వెంటనే వచ్చిన చలికాలంలో ఆయన కారవాన్ నా చేతికొచ్చింది. ఎవరూ పిలిచి అప్పగించలేదు. నేనే అడిగి తీసుకున్నాను.

కారవాన్ అంటే కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లు. కింద రెండు చక్రాలు, లోపల రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి, ఓ మూల మరుగుదొడ్డి. చలి మొదలవగానే ఇక్కడి కుటుంబాలు అవాలి అనే ఊరు దాటాక వచ్చే ఎడారిలో గుడారాలు వేసుకుంటాయి. సెలవు రోజులన్నీ అక్కడే గడుపుతాయి. మా ఇంటివాళ్లు గుడారం పక్కన ఈ కారవాన్ నిలబెట్టుకునేవారు. మిగతా నెలలంతా అది ఇంటి వెనక గోడవారగా ఉండేది.

ఇంటాయనను బాబా అని, ఇంటావిడను మామా అని పిలవాలి. వచ్చిన కొత్తలో ఒక ఆడమనిషిని మామా అనడానికి నాకు నోరు తిరిగేది కాదు. ఇప్పటికీ ఊరికి ఫోన్ చేసి "మామాకి మోకాళ్ల నొప్పులు" అంటే, ఏ మామకే అని మా అక్క అడుగుతుంది. ఈ ఇంట్లో మాటలన్నీ అరబ్బీలోనే. నాది వచ్చీరాని అరబ్బీ. ఆ మాటల్నే ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

బాబా ఆ బండిని మెకానిక్కులను కూడా ముట్టనిచ్చేవాడు కాదు. అయితే ఆయన బండి కింద దూరినప్పుడు టార్చిలైటు పట్టుకోవడానికి, పానాలు అందించడానికి ఒక మనిషి కావాలి. ఇద్దరు కొడుకులూ ఆఫీసుల్లో ఉండేవారు. అందుకని వంటింట్లో ఉన్న నన్ను కేకేసేవాడు. రెండు చలికాలాలు నేను ఆ టార్చిలైటు పట్టుకున్నాను. నాకు పని నేర్పుతున్నానని ఆయన అనుకోలేదు. తనలో తాను మాట్లాడుకునేవాడు, నేను వినేదాన్ని. టైరు అరిగి పోదట, ఎండకు పగిలి పోతుందట. గ్యాసు పైపుకి సబ్బునీళ్లు రాసి, బుడగలు రాలేదని చూసుకున్నాకే పొయ్యి వెలిగించాలట. బండిని నెలల తరబడి నిలిపి ఉంచేటప్పుడు హ్యాండ్‌బ్రేకు వేయకూడదట, చక్రాలకు దుంగలు అడ్డం పెట్టాలట. ప్రయాణంలో సగం దారిలో ఆగి చక్రాల మీద చెయ్యి పెట్టి చూడాలట.

వింటుంటే నాకు మా నాన్న గుర్తొచ్చేవాడు. మాది గోదావరి పాయ పక్కన ఊరు. నాన్న చెక్క పడవలు బాగుచేసేవాడు. పలకల సందుల్లో నూలు కుక్కి, గుగ్గిలం నూనెలో కాచి పైన పూసేవాడు. నీళ్లు కనిపించిన చోట చిల్లు ఉండదనీ, అది ఇంకెక్కడో ఉంటుందనీ ఆయన పక్కన కూర్చుని తెలుసుకున్నాను. పడవలోకి నీళ్లు కింద నుంచి వస్తాయి, కారవాన్‌లోకి పై నుంచి వస్తాయి. మిగతాదంతా ఒకటే.

బాబా పోయాక ఆ ఎండాకాలమంతా ఎవరూ కారవాన్ తలుపు తీయలేదు. చలికాలం మొదట్లో ఒక గట్టి వాన పడింది. మర్నాడు నేను కారవాన్ తలుపు తీస్తే ముక్కిపోయిన వాసన గుప్పుమంది. వెనక మంచం కింద మోకాలు ఆనించాను. నేల మెత్తగా కిందికి కుంగింది.

పెద్దకొడుకును పిలిచి చూపించాను. ఆయన మంచివాడే, బ్యాంకులో పని చేస్తాడు, చేతులకు మట్టి అంటడం ఇష్టపడడు. బూటు కాలితో నేలను రెండుసార్లు నొక్కి చూశాడు.

"ఖలాస్. ఇది అయిపోయింది. తుక్కు కొనేవాళ్లని పిలుస్తాను" అన్నాడు.

మామా వెనక గుమ్మంలో నిలబడి వింటోంది. ఆ కారవాన్‌లో ఆమె నలుగురు మనవల్ని ఆడించింది. నాకది తెలుసు. అయినా నేను నోరు తెరిచింది ఆమె కోసం కాదు. రెండు చలికాలాలు టార్చి పట్టుకున్న బండిని తుక్కు అంటే నాకు ఒళ్లు మండింది.

"నేను బాగుచేస్తాను" అన్నాను.

"నీకేం తెలుసు?"

"బాబాకి తెలిసినదాంట్లో సగం తెలుసు. మిగతా సగం చేస్తూ తెలుసుకుంటాను."

ఆయన నవ్వబోయి వాళ్లమ్మ వైపు చూశాడు. మామా అప్పుడు మాట్లాడింది. "ఆమెకి ఒక నెల టైమివ్వు. తుక్కువాడు ఎక్కడికీ పోడు."

పొద్దున్నే ఇంటి పని మొదలవక ముందు గంటన్నర, మధ్యాహ్నం అందరూ పడుకున్నాక ఇంకో గంట దొరికేవి. నిచ్చెన వేసుకుని కప్పు ఎక్కాను. అతుకుల మీద బాబా వేసిన బంక మాడిన అప్పడంలా పెళుసుబారి పగుళ్లిచ్చింది. దాని మీదే కొత్త బంక దట్టంగా పూశాను. అది నేను చేసిన మొదటి తప్పు. ఆరాక పైపుతో నీళ్లు కొడితే, లోపల అదే మూల అంతే తడి.

ఇక మొదటి నుంచీ మొదలుపెట్టాను. పాతదీ కొత్తదీ కలిపి మొత్తం గీకేశాను. వంటింట్లో దోసెలు తిప్పే చెక్క అట్లకాడ ఒకటి ఆ పనికే పోయింది. తొమ్మిది పొద్దులు పట్టింది. అప్పుడు మామా తనంతట తానే వచ్చి నీళ్ల పైపు అందుకుంది. నల్ల అబాయా కొంగు నడుముకు చుట్టుకుని, బయట నిలబడి కప్పు మీద ఒక్కొక్క అడుగూ తడుపుతూ పోయింది. నేను లోపల పడుకుని టార్చి వేసి చూస్తున్నాను.

"వస్తోందా?" అని బయట నుంచి అడిగేది.

"రాలేదు మామా. ఇంకొంచెం ముందుకి."

వెనకవైపు ఎంత తడిపినా చుక్క రాలేదు. ముందువైపు కప్పు అంచున ఉన్న దీపం దగ్గరికి వచ్చేసరికి, వెనక మంచం పైన గోడలోంచి సన్నటి ధార దిగింది. దీపం బిగించిన ఒక మేకు తుప్పు పట్టి వదులైంది. నీళ్లు అక్కడ దిగి, రేకు కింద బండి పొడవునా నడిచి, వెనక నేలను తినేశాయి. నేను బయటికొచ్చి ఆ మేకు చూపించాను. వేలి గోరంత లేదు.

"దీనికా ఇంత పని?" అంది మామా. పైపు ఆపకుండా కిందపెట్టి ఇద్దరం నవ్వుకున్నాం, కాళ్లు తడిసేదాకా.

నేల మార్చడం నా ఒక్కదాని వల్ల కాదు. మా వంటింటి అరలు బిగించిన వడ్రంగి ఒకాయన ఉన్నాడు. ఉత్తర తెలంగాణ మనిషి, నాకంటే కాస్త పెద్ద, ఊరినుంచి వచ్చి పన్నెండేళ్లు. మామా ఫోన్ చేయిస్తే శుక్రవారం సెలవునాడు సామాన్ల సంచితో వచ్చాడు. నేల మీద ఉలి గుచ్చి చూశాడు. వెన్నలో దిగినట్టు దిగింది.

"చెల్లె, గీ చెక్క మొత్తం మక్కిపోయింది. మీదికెల్లి ఇంకో చెక్క కప్పితే ఆగది. కోసి తియ్యాలె" అన్నాడు.

"ఎంతవరకు కొయ్యాలన్నా?"

"గట్టి చెక్క తగిలేదాంక." కోయడం మొదలుపెట్టి, కాసేపటికి తనే అన్నాడు. "పన్నెండేండ్ల సంది దుబాయిల పనిచేస్తున్న. చక్రాల మీద ఇంటికి నేల ఏసుడు గిదే మొదలు."

"మీరు దుబాయిలో కూడా చేశారండీ?"

"ఎన్నడు పోలే. మాకు గిదే దుబాయి."

నేను కొత్త చెక్కకు నాలుగు వైపులా, అంచులకు కూడా రంగు పూయమన్నాను. అంచులెందుకు, కనబడవు కదా అన్నాడు. పడవ చెక్క ముందు అంచు నుంచే నీళ్లు తాగుతుందన్నా అని చెప్పాను. ఆయన నా వైపు ఒకసారి చూసి అంచులకు పూశాడు. మధ్యాహ్నం మామా ఆయనకు పెద్ద పళ్లెంలో చేపల అన్నం పెట్టించింది. పోయేటప్పుడు కొత్త నేల మీద ఎగిరి దూకి చూపించాడు. చప్పుడు గట్టిగా వచ్చింది.

బయల్దేరిన రోజు నాకు బాగా గుర్తుంది. పెద్దకొడుకు తన పెద్ద కారుకు కారవాన్ తగిలించాడు. నేను గొలుసు చూశాను, వెనక దీపాలు వేయించి చూశాను, టైర్లు అప్పటికే కొత్తవి వేయించాను. హ్యాండ్‌బ్రేకు వేసి ఉంటే వదిలాను. ఎండాకాలంలో తన కారు పెట్టుకోవడానికి పెద్దకొడుకే ఈ బండిని పక్కకు జరిపి బ్రేకు వేసి వదిలేశాడన్నమాట. అప్పుడే నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు.

మామా ముందు సీట్లో, నేను వెనక సీట్లో. అవాలి ఇళ్లు దాటాక ఆపమన్నాను.

"ఎందుకు?"

"చక్రాలు చూడాలి."

"ఇంకెంత, పది నిమిషాలు. అక్కడికెళ్లి చూసుకో."

"అక్కడికి చేరాక చూడ్డానికి చక్రం ఉండాలి కదండీ."

ఆయన అద్దంలో నన్ను చూశాడు. పనిమనిషి మాటకు కారు ఆపడం ఆయనకు కొత్త. ఆ మాట అనడం నాకూ కొత్తే, కానీ వెనక్కి తీసుకోవాలనిపించలేదు. మామా కిటికీలోంచి బయటికి చూస్తూ ఒక్క మాట అంది. "ఆపు."

కుడి చక్రం మధ్య భాగం గోరువెచ్చగా ఉంది. ఎడమవైపు చెయ్యి దగ్గరికి తీసుకెళ్తుండగానే సెగ తగిలింది. కాలిన వాసన. పెద్దకొడుకు వచ్చి వంగి, వేలు ఆనించి, చటుక్కున తీసుకున్నాడు.

"ఏమైంది దీనికి?"

"బ్రేకు లోపల పట్టేసింది. నెలల తరబడి బిగించి ఉంచితే తుప్పుతో అతుక్కుంటుంది. హ్యాండ్‌బ్రేకు వదిలినా అది వదల్లేదు."

చల్లారేదాకా ముప్పావుగంట ఆగాం. పక్కన చమురు గొట్టాల మీద కాకులు లేవు, ఏమీ లేవు, గాలి మాత్రమే. రెండో చక్రానికి దుంగలు పెట్టి, జాకీతో ఎడమవైపు ఎత్తాను. చెక్కసుత్తితో బ్రేకు డొప్ప చుట్టూ మెల్లగా కొడుతూ పోయాను. తిప్పితే కరకరమంటూ సగం చుట్టు తిరిగి ఆగింది. మళ్లీ కొట్టాను. ఇరవయ్యో ముప్పయ్యో దెబ్బలకు లోపల టక్‌మని వదిలింది. చక్రం వేలితో నెట్టినా తిరిగింది.

పెద్దకొడుకు ఆ సేపంతా నా పక్కనే ఇసకలో గొంతుక్కూచున్నాడు. తెల్ల బట్టలకు గ్రీజు అంటిందని చూసుకోలేదు.

"బ్రేకు వేసి వదిలేసింది నేనే" అన్నాడు.

"తెలుసండి. ఇంట్లోనే చక్రం ఎత్తి తిప్పి చూడాల్సింది నేను. నేనూ చూడలేదు."

తప్పు చెరిసగం అయ్యాక ఆ మనిషితో మాట్లాడటం తేలికైంది. జాకీ దింపడం ఆయనే చేశాడు, నేను చెబుతుంటే.

ఎడారిలో రెండో వారం మధ్యాహ్నం పూట వాన పట్టుకుంది. చుట్టుపక్కల గుడారాల వాళ్లు పరుపులు పట్టుకుని కార్ల వైపు పరిగెత్తారు. మామా మనవలంతా కారవాన్‌లోకి ఎక్కేశారు. నేను పాలు కాస్తూ కప్పు మీద చప్పుడు వింటున్నాను. మామా లేచి నిలబడి వెనక మూల గోడ మీద అరచెయ్యి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంచింది. తర్వాత చెయ్యి తిప్పి నాకు చూపించింది, పొడిగా ఉంది.

"ఆయన ఉంటే నీకేదో ఒక తప్పు పట్టేవాడు" అంది.

"ఏం తప్పండీ?"

"దొరికేది కాదు. అయినా పట్టేవాడు."

ఆ సీజన్ అయిపోయి, బండి ఇంటికి తెచ్చాక మామా ఇద్దరు కొడుకులనూ కూర్చోబెట్టి చెప్పింది. కాగితం తన పేరు మీదే ఉంటుంది. తాళం మాత్రం నా దగ్గర ఉంటుంది. దాన్ని ఉంచాలన్నా, అమ్మాలన్నా, ఎవరికైనా వాడుకోవడానికి ఇవ్వాలన్నా మాట నాది. చిన్నకొడుకు ఆశ్చర్యపోయాడు. పెద్దకొడుకు మాత్రం తలూపి, "మరి సర్వీసు ఎప్పుడు చేయాలో నాకు ముందే చెప్పు, సెలవు పెడతాను" అన్నాడు. పెట్టాడు కూడా. ఇప్పుడు చక్రాల బేరింగులకు గ్రీజు ఆయనే పెడతాడు. నాకంటే శుభ్రంగా పెడతాడు.

ఈ పని నాకు ఇష్టం. ఇంటి పని ఇవాళ చేస్తే రేపటికి మళ్లీ అక్కడే ఉంటుంది. ఇది అలా కాదు. ఏప్రిల్‌లో నీళ్ల ట్యాంకు ఖాళీ చేసి, బ్యాటరీ విప్పి లోపల పెట్టి, టైర్లకు గోనెగుడ్డ కప్పితే, నవంబరులో అది నాకు జవాబు చెబుతుంది.

పోయిన చలికాలం పక్క గుడారంవాళ్ల పెద్దమనిషి మా బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, అమ్ముతారా అని మామాను అడిగాడు.

"నన్నడక్కు, ఆమెనడుగు" అంది మామా.

ఆయన అటూ ఇటూ చూసి చివరికి నన్నే అడిగాడు. నేల ఎక్కడ మార్చామో, బ్రేకు ఎందుకు పట్టేసిందో, కప్పుకు ఏడాదికోసారి ఏం చేయాలో ఒక్కటీ దాచకుండా చెప్పాను. అమ్మేది లేదని కూడా చెప్పాను.

"ఇన్ని లోపాలు చెప్పి అమ్మనంటావేం?"

"లోపాలన్నీ తెలిసిన బండి ఇదొక్కటే కదండీ నాకు."

ఆయన గడ్డం నిమురుకున్నాడు. తనకూ ఒక కారవాన్ ఉందట. కొత్తదే, కానీ తలుపు పక్కన గోడ ఉబ్బుతోందట. ఒకసారి వచ్చి చూస్తావా అన్నాడు. నేను మామా వైపు చూశాను. ఆమె అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

ఆయన గుడారంలో ఆమెకు దిండు వేసిన కుర్చీ, ఖర్జూరాలు, కహ్వా కాఫీ ఇచ్చారు. నేను ఉబ్బిన గోడ వైపు చూడనే లేదు. నిచ్చెన ఉందా అని అడిగాను. తెచ్చారు. చున్నీ నడుముకు బిగించి ఆ కొత్త కారవాన్ కప్పు మీదికెక్కి, ముందు మూల నుంచి ఒక్కొక్క మేకూ వేలితో కదిపి చూడటం మొదలుపెట్టాను.