మా అమ్మాయి యూరప్‌ని ఓడించిన ఆదివారం

మొన్న ఆదివారం మా జ్యోతి యూరప్ హ్యాండ్‌బాల్ గోల్‌కీపర్లందరి రికార్డులూ బద్దలుకొట్టేసింది. అదీ టాటానగర్ పక్కనున్న మా బాగ్‌బేరా రైల్వే క్వార్టర్స్ నుంచి కదలకుండా. టీ చల్లారకముందే చెప్పేస్తాను వినండి. ఇందులో పిల్ల తప్పేమీ లేదు, ఘనకార్యమంతా నాదే.

రాష్ట్ర క్యాంపుకి ఒక్క గోల్‌కీపర్నే తీసుకుంటారట. సెలెక్షన్‌కి ముందు జరగబోయే మూడు మ్యాచ్‌ల లెక్క రాసి తెమ్మన్నారు కోచ్ మేడం. ఎన్ని బంతులు ఆపింది, నూటికి ఎంత, అని. "పాపా, ఆప్ లిఖ్ దీజియే" అంది జ్యోతి, నాన్నా మీరే రాసిపెట్టండని. మేం తెలుగులో మాట్లాడితే అది హిందీలో జవాబిస్తుంది, అలవాటైపోయింది.

"మీ నాన్నకా సెప్పావు? మూడు పనులు సెప్తే ఒకటి సరిగ్గా సేత్తారు" అంది మా ఆవిడ.

నాకు పౌరుషం వచ్చింది. టాటానగర్ యార్డులో ఇరవై రెండేళ్లుగా వ్యాగన్ల నంబర్లు రాస్తున్నవాణ్ని, బంతులు లెక్కపెట్టలేనా? రిజిస్టరు పట్టుకుని గ్రౌండుకి వెళ్లాను. యార్డులో మాకు రెండే గళ్లు: లోపలికి వచ్చింది, రాలేదు. ఇక్కడా అవే గీశాను. అవతలి జట్టు బంతి పట్టుకుని మా వైపు వచ్చిన ప్రతిసారీ ఒక గీత. చివర్లో రిమార్కుల గడి ఉంటే చెయ్యి ఊరుకోదు కదా, టైముతో సహా అదీ నింపాను.

మూడు మ్యాచ్‌లూ కూడితే లోపలికి రానివి నూటికి డెబ్భై. రాలేదంటే మా పిల్ల ఆపినట్టే కదా! యార్డంతా చెప్పుకున్నాను. స్వీట్లు కూడా పంచాను.

ఆదివారం సెలెక్షన్‌లో మేడం ఆ అంకె చూసి ఫోనులో ఏదో వెతికారు. తర్వాత ఫోను నా చేతిలో పెట్టారు. "అంకుల్, ఇవి యూరప్ క్లబ్బుల పోటీల లెక్కలు. అక్కడ మహా మహా గోల్‌కీపర్లు కూడా మూడింట ఒకటి ఆపితే గొప్ప. మీ అమ్మాయి నూటికి డెబ్భై ఆపిందా?"

వెనక పిల్లలంతా కిసుక్కుమన్నారు. జ్యోతి తల దించుకుంది. "పాపా, అబద్ధం రాసుకొచ్చానని అనుకుంటారు, ఇక నన్ను తీసుకోరు" అని హిందీలోనే గొణిగింది. కళ్లలో నీళ్లు.

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అయినా ఫోను మాత్రం వదల్లేకపోయాను. పేజీ జరిపేకొద్దీ పేర్లు, ఏళ్ల తరబడి లెక్కలు, ఒక్క బంతి కూడా వదలకుండా. అంత పేరున్నవాళ్లకి కూడా మూడింట రెండు బంతులు చెవి పక్కనుంచి వెళ్లిపోతున్నాయి. అయినా మూడోదాని కోసం మళ్లీ చేతులు చాచి నిలబడుతున్నారు. నాకు ఒక్క నంబరు తప్పితే రెండు రోజులు అన్నం సయించదు. వాళ్లదేం గుండె! మా పిల్లదీ అదే గుండె అని అప్పుడు తట్టింది. ప్రతి మ్యాచ్ అయ్యాక "అన్ని ఎందుకు వదిలేసినావే?" అని అడిగేవాణ్ని నేను. నా మీద నాకే అసహ్యమేసింది.

"మేడం, తప్పు నాది. పిల్లకేం తెలీదు" అని రిజిస్టరు ముందుకు తోశాను.

ఆవిడ పేజీలు తిప్పుతూ రిమార్కుల గడి దగ్గర ఆగారు. స్తంభానికి తగిలింది. బయటికి పోయింది. రిఫరీ ఈల. కాలితో ఆపింది. అన్నీ నా చేతిరాతే.

"ఇంత వివరంగా ఎవరూ తేలేదు అంకుల్" అని పెన్ను తీశారు. బయటికి పోయినవీ, ఈల వేసినవీ కొట్టేసి, ఆపినవీ గోలైనవీ మాత్రమే ఉంచి మళ్లీ కూడారు. మూడింట ఒకటి, ఆ పైన కాస్త. తర్వాత జ్యోతిని గోల్లో నిలబెట్టి గంటసేపు పరీక్షించారు. సాయంత్రం లిస్టులో మా జ్యోతి పేరుంది.

ఇంటికొచ్చి మా ఆవిడ ముందు ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. "మూడు పనుల్లో ఒకటే సరిగ్గా చేస్తానని దెప్పుతావు. యూరప్‌లో నాలాంటివాళ్లకి దండలేస్తారు, తెలుసా?"

ఆవిడ కూర తరగడం ఆపలేదు.

"మూడింట ఒకటని నేనేదో ఉజ్జాయింపున అనీసినాను. మీ పనుల లెక్క కూడా ఓపాలి ఆ మేడం సేత కూడించండి."