బస్తా నడుమ చెయ్యి

నాకు వాతావరణ శాస్త్రం నేర్పిన మేడమ్ పోయారు. ఆవిడ తమ్ముడు చిలకలూరిపేట దగ్గర మిరప రైతు. ఆయనే ఫోన్ చేసి, "అక్క ఇక లేదమ్మా" అన్నారు.

మేడమ్ పని మన వానల మీద కాదు. ఐరోపా, రష్యాల మీద ఒక్కోసారి గాలి దారి అడ్డం తిరిగి, అధిక పీడనం ఒకేచోట వారాల తరబడి తిష్ఠ వేస్తుంది. వేసవైతే దాని కిందున్న ఊళ్ళు మాడిపోతాయి. కంప్యూటర్లో నడిపే వాతావరణ నమూనాలేమో దాన్ని రోజుల్లోనే సాగనంపేస్తాయి. ఆ తొందర ఎందుకన్నదే ఆవిడ జీవితకాలపు ప్రశ్న.

"ఎక్కడో ఎండ కదలకపోతే నీకెందుకక్కా?" అని తమ్ముడు ఆటపట్టించేవారు.

"కళ్ళంలో కాయ ఆరబోశాక ముసురు పట్టి కదలకపోతే ఏమవుద్దిరా?"

"తెల్లబడి తాలుకాయైపోద్ది, ఎవడూ కొనడు."

"వాళ్ళకీ అంతే."

ఇవాళ వానొస్తుందా అని ఆవిడ ఉండే బ్రాడీపేటలో ఆటోవాళ్ళు అడిగితే మాత్రం, "తల బయటపెట్టి చూడు నాయనా, నాక్కూడా అదే దారి" అనేవారు.

నా పీహెచ్‌డీ ఫెలోషిప్ అయిపోవస్తున్న రోజుల్లో, మా నమూనా ఇచ్చిన సగటు వేడి, సగటు గాలి అసలు కొలతలతో చక్కగా సరిపోయాయి. మురిసిపోతూ పటాలు పట్టుకెళ్ళాను. మేడమ్ వాటిని పక్కనపెట్టి, స్కూటర్ ఎక్కించుకుని మిర్చి యార్డుకి తీసుకెళ్ళారు. అక్కడ ఒక కొనుగోలుదారు, మేడమ్ తమ్ముడు తెచ్చిన బస్తాలో పైనున్న ఎర్రటి కాయలను చూడనైనా లేదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి నడుమనుంచి గుప్పెడు తీశాడు.

"సగటంటే పైకాయ అమ్మాయ్. నువ్వూ నడుమ చెయ్యి పెట్టి చూడు" అన్నారు మేడమ్.

గాలి నిలిచిపోయిన రోజులను విడదీసి చూస్తే నమూనా బండారం బయటపడింది: అసలు గాలి వారాలు నిలిచిన చోట, మాది రోజుల్లోనే కదిలిపోయింది. నాకు ఏడుపొచ్చింది. నమూనాలో కొండల ఎత్తు అసలు కంటే పెంచితే గాలి ఆగుతోందని ఉపాయం చెప్పాను.

"ఆగుద్ది. కాయకి రంగేస్తే ఎర్రగా కనపడదా?"

ఆ వైఫల్యాన్నే నా సిద్ధాంత గ్రంథంలో ఆఖరి అధ్యాయంగా రాయించారు. ప్రతి వాక్యం పక్కన కూర్చుని చదివారు. డిగ్రీ ఆలస్యమైంది. ఈరోజు నా మాట నలుగురు నమ్ముతున్నారంటే ఆ అధ్యాయం వల్లే, ఆవిడ వల్లే.

ఆసుపత్రిలో కూడా మా కొత్త నమూనా గురించే అడిగారు. "అందులో గాలి ఆగిందా?" అని. కంప్యూటర్లో లెక్క ఇంకా నడుస్తోందన్నాను. ఫలితం ఆవిడ పోయాక వచ్చింది.

జ్ఞాపకార్థ కూడిక ముగిశాక తమ్ముడు నా దగ్గరికొచ్చి, "ఆగిందా అమ్మా, అక్క గాలి?" అన్నారు.

"మునుపటికంటే కాస్త నిలబడిందండీ. ఇంకా తొందరగానే కదిలిపోతోంది."

ఆయన తలూపి వరండాలో తను తెచ్చిపెట్టిన మిరపకాయల బస్తా మూతి విప్పారు. నడుమనుంచి గుప్పెడు కాయలు తీసి నా చేతిలో పోశారు.

ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాక కళ్ళు తుడుచుకున్నాను. వేళ్ళకంటిన ఘాటు కళ్ళల్లోకి పోయింది. ఆ మంటతోనే పటాలు తెరిచి, గాలి కదిలిపోయిన రోజు దగ్గర మళ్ళీ మొదలుపెట్టాను.