కో మిన్ నోట ఆ నాలుగు మాటలు

మా చిన్నప్పుడు బర్మాలోని మా పజుండౌంగ్ పేటలో వాన మొదలైతే ఫుట్‌బాల్ మొదలైనట్టే... వాగు పక్కన పాత మిల్లు గోడ, దాని వెనక బురద నేల, రెండు చివర్లా పాతిన వెదురు కర్రలు. మాది తెలుగు వీధి టీమ్. ఓడిపోవడంలో మమ్మల్ని ఓడించినవాళ్ళు లేరు!

అయినా మా దగ్గర ఒక ఆయుధం ఉండేది... మా మాట. మధ్యలో ఆడేవాణ్ణి ‘నడిమోడు’ అనేవాళ్ళం. బంతి ముందు వాడి దగ్గరికి రావాలి, ఎవరు ఎటు పోవాలో వాడే అరవాలి. ఆ అరుపు తెలుగులో! ఎడంపక్క... ఎనక్కి... బేగి... ఒగ్గీ! ‘బేగి’ అంటే త్వరగా, ‘ఒగ్గీ’ అంటే బంతిని తాకకుండా వదిలేయమని. అవతలి బర్మా కుర్రాళ్ళకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

చిక్కల్లా మా నడిమోడితోనే. ఆ చోటు రమణది. మాకు ఆట నేర్పే అప్పలసామి మావయ్యకు మేనల్లుడు వాడు. గొంతు ఓడ కూతలా ఉండేది, కాళ్ళు మాత్రం... ఏం చెప్పను! మావాళ్ళు ముగ్గురు ఖాళీగా నిలబడి ఉంటే బంతిని నాలుగోవాడికి ఇచ్చేవాడు. ఆ నాలుగోవాడు అవతలి టీమ్ వాడు! మేడ మీది మామ్మలు కూడా ఊరుకునేవారు కాదు.

"ఒరే రమణా, కళ్ళు ఇంటికాడ ఎట్టొచ్చావేటిరా!"

మా టీమ్‌లోనే కో మిన్ ఉండేవాడు. నాకంటే ఏడాది పెద్ద. నాన్న బర్మా ఆయన, పెంచింది తెలుగు అమ్మమ్మ. ఆవిడ తెలుగులో తిడితే వాడు బర్మీలో జవాబిచ్చేవాడు. తెలుగులో నోరు తెరిస్తే మేమంతా నవ్వుతామని మా ముందు మాట్లాడటమే మానేశాడు. కానీ బంతి వాడి కాలికి తగిలితే... పెంపుడు పిల్లిలా వెంట నడిచేది. అలాంటివాణ్ణి తీసుకెళ్ళి గోల్ దగ్గర కాపలా పెట్టారు!

అప్పటికే నేను ఫుట్‌పాత్ మీద దొరికే చిన్న చిన్న పుస్తకాలు, కరపత్రాలు చదివి రగిలిపోతున్నాను. సమానత్వం, హక్కులు, పోరాటం... ఎర్ర సిరాతో ఒక కాగితం రాసి మావయ్య తలుపుకి అంటించాను. "ఆడగలిగినవాడిదే నడిమి చోటు! మేనల్లుడిది కాదు!" కింద బాల్‌పెన్నుతో నా పేరు కూడా పెట్టాను. భయమా నాకు!

నిజం చెప్పాలంటే... అది రాస్తున్నప్పుడు ఆ చోట్లో నాకు కనపడింది నేనే. కో మిన్ కాదు.

మావయ్య నన్ను పిలిచాడు.

"ఇది నువ్వు రాసిందేటి?"

"నేనే."

"బాగానే రాసావు. అయితే ఈ ఆదోరం కో మిన్‌ని నడిమిన ఎడతాను. అరిసేవోడికి మన మాట రావాల గదా... ఆ నాలుగు మాటలూ నువ్వే నేర్పు. ఆడికొచ్చిందో లేదో సెనోరం నాకొచ్చి సెప్పు."

నా కాగితం గెలిచింది. నాకు మాత్రం ఒళ్ళంతా మండిపోయింది.

ఆ సాయంత్రం వాళ్ళ మెట్ల మీద కూర్చుని "ఎడంపక్క అను" అన్నాను. అన్నాడు. మిగిలిన మూడూ నేను చెప్పకముందే అనేశాడు. అచ్చం వాళ్ళ అమ్మమ్మ అన్నట్టే... నా కంటే శుభ్రంగా. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని మళ్ళీ మళ్ళీ అనిపించాను. దొరకలేదు. వాడేమో సంబరంగా నా భుజం తట్టాడు.

శనివారం మావయ్య అడిగితే... "రాలేదు మావయ్యా, నోరు తిరగట్లేదు" అన్నాను.

మావయ్య నమ్మాడు. ఆదివారం మళ్ళీ రమణే, మళ్ళీ ఓటమే. గోల్ దగ్గరి నుంచి కో మిన్ నన్ను ఒక్కసారి చూశాడు. నెల తిరక్కుండానే వాళ్ళ నాన్న అదే ఊళ్ళోని తామ్వే పేటకి ఇల్లు మార్చాడు.

వానలు తగ్గే రోజుల్లో తామ్వే టీమ్‌తో ఆట. వాళ్ళ నడిమోడు ఎవరనుకున్నారు... కో మిన్!

రమణ "ఎడంపక్క!" అని అరిస్తే, మావాడు కదిలేలోపే కో మిన్ అక్కడ ఉన్నాడు. "ఒగ్గీ!" అంటే, మావాడు వదిలిన బంతి నేరుగా వాడి కాలికి. పైగా తనవాళ్ళకి వాడు కూడా "బేగి! బేగి!" అని తెలుగులోనే అరుస్తున్నాడు. ఆరు గోల్స్ తిన్నాం... మా ఆయుధంతోనే!

రమణ బురద కాళ్ళతో నా మీదికొచ్చాడు. "ఆడికి మన మాట రాదన్నావు గదరా! ఇదేటి మరి?"

గట్టు మీద కూర్చున్న మావయ్య విన్నాడు. అయినా తలుపుకున్న నా కాగితాన్ని పీకలేదు. జల్లుకి ఎర్ర సిరా అంతా కారిపోయింది... బాల్‌పెన్నుతో రాసిన నా పేరు మాత్రం చాలా రోజులు అలాగే ఉండిపోయింది. దాన్ని తప్పించుకోవడానికి నేను పక్క సందులోంచి తిరిగి ఇంటికి వెళ్ళేవాణ్ణి.

మొన్న పని మీద తామ్వే వెళ్ళాను. కో మిన్ ఇప్పుడు అక్కడి పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. అందరూ బర్మా పిల్లలే, ఇంట్లో తెలుగు వినని పిల్లలు. కంచె అవతల నుంచి వాళ్ళ అరుపులు... "ఎడంపక్క! బేగి! ఎనక్కి! ఒగ్గీ!"

కాళ్ళు ఆగిపోయాయి.

మా వీధి పిల్లలు ఇప్పుడు బర్మీలో అరుచుకుంటారు, లేదంటే ఫోన్లో విన్న ఇంగ్లీషులో. టీమ్ ఇంకా ఓడుతూనే ఉంది. నడిమి చోట్లో ఇప్పటికీ ఎవరో ఒకరి మేనల్లుడే... చూస్తే ఇప్పటికీ రక్తం మరుగుతుంది. కానీ కాగితం రాయడానికి చెయ్యి రాదు.

కో మిన్ నన్ను గుర్తుపట్టాడు. "ఏటిరా, అక్కడే నిలబడిపోయావు? బేగి రా!" అని కేకేశాడు. అంతమంది పిల్లల ముందు, గట్టిగా, తెలుగులో. ఎవరూ నవ్వలేదు.

వెళ్ళాను. టీ తాగాం. ఆ శనివారం గురించి వాడు అడగలేదు, నేనూ చెప్పలేకపోయాను... ఇదిగో, ఇక్కడ చెబుతున్నాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా వాడంటే నాకు కుళ్ళే. అప్పుడు వాడి కాళ్ళని చూసి, ఇప్పుడు ఆ పిల్లల్ని చూసి.

మా వీధిలో పోయిన నాలుగు మాటలూ తామ్వే బురదలో హాయిగా ఆడుకుంటున్నాయి... మీ వీధి ఆటల్లో ఏమని అరుచుకునేవారు? ఆ మాటలు ఇప్పుడు ఎవరి నోట ఉన్నాయి?