దించిన శ్రుతి

హార్మోనియం మేస్త్రికి వయసులో ఉన్నప్పుడు నాలుకకు తాళం ఉండేది కాదు. పాడైన పెట్టెలు విప్పి బాగుచేయడం ఆయన వృత్తి. ఆదివారం చర్చిలో వాయించడం ఆయన ప్రాణం. అపశ్రుతి పలికితే రీడునైనా, మనిషినైనా వదిలేవాడు కాదు. ఒకసారి పాట మధ్యలో వాయించడం ఆపి, వెనక బల్ల మీదున్న వడ్రంగితో, "అయ్యా, రంపం ఇంట్లో పెట్టి రావాల్సింది" అన్నాడు. చర్చంతా గొల్లుమంది. వడ్రంగి ఆ తర్వాత వారం వారం వచ్చాడు గానీ పాటకు నోరు విప్పలేదు. "ఉన్నమాటేగా అన్నాను" అని మేస్త్రి చాలాకాలం సమర్థించుకున్నాడు. వడ్రంగి పోయినప్పుడు, సమాధి దగ్గర పాడటానికి ఆయనకిష్టమైన పాట ఏదని పాస్టరుగారు అడిగితే, వడ్రంగి భార్య, "ఏం చెప్పనండీ, ఇంట్లో కూడా పాడటం మానేశారు" అంది. ఆ మాట మేస్త్రి గుండెలో మేకులా దిగింది.

ఇక ఎవరినీ నొప్పించకూడదని ఒట్టు పెట్టుకుని, ఆయన పూర్తిగా అవతలి ఒడ్డుకు చేరాడు. ఎవరెలా పాడినా "భేష్" అనేవాడు. అది పరిశుద్ధత అనుకున్నాడు. నిజానికి అందులో సగం పిరికితనం.

చర్చిలో పాట ఎత్తుకునేది ఆయన అక్క. తల్లి లేని తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. బావ పోయాక ఆమె గొంతు పై స్వరాల దగ్గర చీలడం మొదలైంది. మేస్త్రి ఎవరికీ చెప్పకుండా శ్రుతి ఒక మెట్టు దించాడు. కొన్నాళ్ళకు ఇంకో మెట్టు, ఆపైన మరొకటి. "నీ గొంతు ఇప్పటికీ గంటే అక్కా" అనేవాడు. ఆమె మురిసిపోయేది. మగవాళ్ళు నూతిలోంచి పాడుతున్నట్టు గొణిగేవారు, పిల్లలు పెదాలు మాత్రం కదిపేవారు.

"ఇంకొక్క మెట్టు దించారంటే సంఘమంతా నేలమాళిగలో కూర్చుని పాడాలి" అని భార్య దెప్పేది.

చివరికి పాస్టరుగారు కబురు పెట్టారు. "మేస్త్రీ, పెద్దల సభలో మీ అక్కగారి గొంతు సంగతి ఎలాగూ వస్తుంది. నలుగురిలో వినేకంటే అమ్మగారు మీ నోటే వింటే మంచిది."

ఇంటికొచ్చి ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "అక్క మాట్లాడ్డం మానేస్తే నాకింకెవరున్నారే?"

"నేను గోడకున్న మేకునా? లేవండి, వెళ్ళి చెప్పి రండి" అంది భార్య.

అక్క మేడమీద గదిలో, కిటికీ దగ్గర కర్టెనుకు అంచు కుడుతోంది. మేస్త్రి వెంట తెచ్చిన హార్మోనియం పెట్టె కింద పెట్టాడు.

"ఏంట్రా, ముఖం ఉతికి ఆరేసినట్టుంది?"

"అక్కా, నీ గొంతు పైకి అందడం లేదు. బావ పోయిన దగ్గర్నుంచీ శ్రుతి దించుతూ వచ్చాను. మూడు మెట్లు."

సూది ఆగింది. "మరి గంటలా ఉందన్నావు?"

"అబద్ధం చెప్పాను."

"గొంతు పోతే పోయింది, ముసలిదాన్నేగా. ఇన్నాళ్ళూ సంఘం ముందు నన్ను పిచ్చిదాన్ని చేశావా? పో, అవతలికి పో!"

వయసులో అయితే లేచి వెళ్ళిపోయేవాడు. రాయి విసిరినట్టు నిజం విసిరేసి చేతులు దులుపుకోవడం ఆయనకు బాగా అలవాటు. చెప్పిన చోటే కూర్చోవడం మాత్రం ఈ వయసుకు గానీ రాలేదు. ప్రభువు ఎవరికి చేదునిజం చెప్పినా ఆ మనిషిని వదిలి వెళ్ళలేదు కదా అనుకుంటూ గోడకు చేరబడ్డాడు. ఆమె గిన్నెలు దడదడలాడిస్తూ కడిగింది. కడిగినవే మళ్ళీ కడిగింది. ఆయన కదల్లేదు.

"ఇంకా ఉన్నావా?"

"ఉన్నాను."

"అయితే అసలు శ్రుతిలో వాయించు."

వాయించాడు. ఆమె ఎత్తుకుంది. మూడో మాటకే గొంతు చీలింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు కిటికీలోంచి చూసింది. తర్వాత తమ్ముడి చేతివైపు తిరిగింది.

"నువ్వు నిజం చెప్పావు గనక నేనూ చెప్తాను. నీ వేళ్ళు బిగుసుకుపోయాయి. నువ్వు మెట్టు వెతుక్కునేలోపు నేను చరణం చివర రాగం సాగదీస్తున్నా, తెలుసా?"

మేస్త్రి నోరు వెళ్ళబెట్టాడు. "అది భక్తి అనుకున్నానే!"

"భక్తి కాదు, నీ పరువు కోసం!"

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ఒకరికోసం కిందికి, ఇంకొకరికోసం నెమ్మదిగా, పాపం సంఘమంతా ఎన్నేళ్ళుగా ఈడుస్తోంది! ఆ నవ్వు విని, కింద వాటాలో ఉంటూ వాళ్ళ చర్చికే వచ్చే దర్జీ అమ్మాయి కుట్టుమిషను ఆపి పైకొచ్చింది.

"ఏమైంది పెద్దమ్మా?"

"నీకు పని పడింది. కూర్చో. పాట ఎత్తుకో" అంది అక్క.

సాయంత్రందాకా ఆ పిల్లకు ఊపిరి ఎక్కడ తీయాలో, మాట ఎక్కడ విరవకూడదో చెప్పింది. మధ్యమధ్య తమ్ముడి వేళ్ళ మీద చిన్న దెబ్బ కూడా వేసింది.

ఆదివారం మేస్త్రి శ్రుతిని పాత చోట పెట్టాడు. దర్జీ అమ్మాయి ఎత్తుకుంది. పిల్లలు తలలెత్తారు, మగవాళ్ళ గొంతులు నూతిలోంచి బయటపడ్డాయి. మేస్త్రి రెండు చోట్ల తప్పాడు, తప్పి ముందుకు సాగాడు. అక్క స్త్రీల వరుసలో కూర్చుంది. అందిన చోట పాడింది, అందని చోట కళ్ళు మూసుకుని వింది.