గుర్వమ్మ మోకాళ్ల నొప్పులు

గిరికి నోరు పెద్దది. కేతేపల్లి చుట్టుపక్కల కురుమల పంచాయితీ ఎక్కడ జరిగినా ఆయన గొంతే పైన వినిపించాలి. వాళ్లింట్లో పెళ్లంటే పిల్లా పిలగాడు గొంగడి మీద కూర్చోవాలి. ఆ గొంగడి ఇంటి పెద్దామె పరవాలి. భర్త పోయినామె పరిచినా తప్పులేదు గాని, భర్త పోయాక మారుమనువు చేసుకున్నామె మాత్రం దాన్ని తాకకూడదు. ఈ లెక్క ఏ మహానుభావుడు కట్టాడో నన్నడగకండి. గిరికి మాత్రం అదే వేదం.

వాళ్లమ్మ గుర్వమ్మ ఒక్కనాడూ గొంగడి పరవలేదు. పెళ్లి అనగానే ఆమెకు మోకాళ్ల నొప్పులు వచ్చేవి. పొయ్యి దగ్గర చేరి ఉల్లిగడ్డలు కోస్తూ కూర్చునేది. తెల్లారి మళ్లీ మంద వెంట గుట్ట ఎక్కేది. ఇదేం నొప్పి అని గిరి ఏనాడూ ఆలోచించలేదు.

ఆయన కూతురు శైలజకు మల్లేశ్ కొడుకు సంబంధం వచ్చింది. పిల్లలిద్దరికీ ఇష్టమే. మాటలకు మల్లేశ్ తల్లి సోమమ్మ కూడా వచ్చి చాప మీద కూర్చుంది. ఆమెది మారుమనువని గిరికి అప్పటికే ఎవరో చెవిన వేశారు. ఇంకేముంది, రెచ్చిపోయాడు.

"గసొంటి ఇంటికి నా బిడ్డనియ్య. మా ఇంట్ల గా మచ్చ లేదు."

సోమమ్మ తల వంచుకుని లేచింది. మజ్జిగ గ్లాసులు తెస్తున్న గుర్వమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. అరుగు మీదున్న తండ్రి జంగయ్య కొడుకును చాలాసేపు చూశాడు.

ఏడాది తిరగకుండానే జంగయ్య పోయాడు. భూమి పేరు మారాలంటే వారసులెవరో తేలాలి. దస్తావేజులు రాసే రామచంద్రం, గుర్వమ్మ పెళ్లికి రుజువేదని అడిగాడు. జంగయ్య వయసులో ఉండగా మందను మేపుతూ అమ్రాబాద్ అడవి దాకా పోయి, అక్కడే ఆమెను చేసుకుని వచ్చాడు. ఆ పెళ్లికి పత్రికా లేదు, ఫొటో లేదు. రామచంద్రం ఆ దిక్కు పాత ఓటర్ల జాబితా నకలు తెప్పించాడు. అందులో గుర్వమ్మ పేరైతే ఉంది. పక్కన భర్త పేరు మాత్రం అంజయ్య అని ఉంది.

"రాసినోనికి కండ్లు పోయినయా?" అని గిరి ఎగిరాడు. "తెలంగాణ అచ్చినంక ఇంటింటి సర్వే జేసిన్నాడు గూడ నేనే జెప్పిన, మా అమ్మకు ఒక్కటే పెండ్లని."

"నువ్వు జెప్పినవు. ఆమెను అడిగిన్రా?" అన్నాడు రామచంద్రం. "జర ఇంట్ల వీలునామా ఏమన్న ఉందేమో చూడు."

ఉంది. జంగయ్య పెట్టె అడుగున, గొర్రెబొచ్చు కత్తెర కింద. "అంజయ్య చనిపోయిన తర్వాత నేను మారుమనువు చేసుకున్న నా భార్య గుర్వమ్మను, నా తదనంతరం ఎవరూ ఇంట్లోంచి పొమ్మనరాదు" అని రాసి ఉంది. గిరి తేదీ చూశాడు. సోమమ్మను అవమానించి పంపిన మరుసటి వారం.

తండ్రి ఎవరికి భయపడి అది రాశాడో తెలియనంత అమాయకుడు కాదు గిరి. ఆ ఇంటికి ఉన్నది తానొక్కడే కొడుకు. మారుమనువు ఆడవాళ్లను ఎందరి ముందర ఎన్ని మాటలన్నాడు! అన్నం వడ్డిస్తూ అమ్మ అన్నీ వింటూనే ఉంది కదా.

మర్నాడు మల్లేశ్ ఇంటికి పోయి సోమమ్మ కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "పెద్దమ్మా, తప్పయింది" అన్నాడు. మనసెందుకు మారిందో చెప్పడానికి మాత్రం ఆ పెద్ద నోరు పెగల్లేదు. ఆమె మంచిది కాబట్టి గుచ్చి అడగలేదు.

"పిల్లల మొకం జూసి ఒప్పుకుంటున్న" అంది.

పెళ్లినాడు గిరి గొంగడి చంకన పెట్టుకుని పొయ్యి దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, లే. నువ్వే పరవాలె."

గుర్వమ్మ ఉల్లిగడ్డల మీంచి తలెత్తలేదు. "మోకాళ్లు గుంజుతున్నయ్ బిడ్డా. మీ చిన్నమ్మను పిలువు."

గిరి ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు.

"బాపు రాసింది సదివిన."

ఆమె చేతిలో కత్తి ఆగింది. భయంభయంగా కొడుకు ముఖంలోకి చూసింది.

"సదివినంక గూడ నన్నే పిలుస్తున్నవా బిడ్డా?"