దాదాపీర్ తనిఖీ

ప్రొద్దుటూరు మెకానిక్ దాదాపీర్‌కు మీటర్లతో పనిలేదు. పుచ్చకాయ కొనేవాడిలా సైలెన్సర్‌ను వేలి కణుపుతో కొట్టి, కళ్లు మూసుకుని వింటాడు; లోపల పొగను వడగట్టే జాలీ ఉందో, పీకేశారో చెప్పేస్తాడు. అందుకే జమ్మలమడుగు కారు పందేలకు ఆయన్నే తనిఖీ అధికారిని చేశారు. జాలీ లేని కారు పందెంలోకి దిగకూడదని నియమం. నిన్న పదకొండు కార్లు కొట్టి చూసి, పదకొండూ పక్కన పెట్టించాడు. ఇంత నిక్కచ్చి మనిషి జిల్లాలో లేడని నిర్వాహకులు మురిసిపోయారు.

"యాడప్పా జాలీ? రూలంటే భయం లేదా?" అని ఒక్కొక్కరినీ గద్దించాడు దాదాపీర్.

పులివెందుల నుంచి కారు తెచ్చిన చెన్నకేశవ గొణిగాడు: "కారు బాగా ఉరుకుతాదని పీకింది నువ్వే కదా మామా!"

దాదాపీర్ నొచ్చుకున్నాడు. "ఆ పొద్దు నేను మెకానిక్‌నప్పా. ఈ పొద్దు ఆఫీసర్ని."

ఆ మాట చెప్పి, మెడలోని బ్యాడ్జీ తీసి జేబులో పెట్టుకుని, జీపులోంచి పదకొండు జాలీలున్న గోనెసంచి దింపాడు.

"రాండప్పా, మళ్లా మెకానిక్‌నయినా."