అమావాస్య ముద్ద

మా ఆఫీసులో ప్లాన్ల నకళ్లు తీసే యంత్రం తెరిచినప్పుడల్లా అమోనియా ఘాటుకు పక్కవాళ్లు కిటికీ దగ్గరికి వెళ్తారు. నేను కదలను. రబ్బరుపాలు గడ్డకట్టకుండా మా నాన్న బకెట్లలో వేసిన చుక్కల వాసన అది. మలయాలో సుంగై పెటాని దగ్గర రబ్బరు తోటలో, ముళ్లకంచె లోపల గడిచిన నా చిన్నతనం వాసన.

కంచె తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీతో వచ్చింది. అడవిలో తుపాకులు పట్టిన కమ్యూనిస్టులకు కూలీలు తిండి అందించకూడదని లైను ఇళ్లన్నీ ఒకచోట చేర్చి చుట్టూ బిగించారు. గేటు దగ్గర కానిస్టేబుల్ వెతికేవి ఇప్పటికీ వరసగా చెప్పగలను: నీళ్ల సీసా, బకెట్టు అడుగు, ఆడవాళ్ల కొంగుముడి, నా బడి సంచి. పిడికెడు అన్నం దొరికినా జైలే. కాయలు పగిలే రోజుల్లో రబ్బరు గింజలు రేకుల కప్పు మీద టపటపా రాలేవి; ఒకదాని మీద ఒకటి పెట్టి అరచేత్తో గుద్దితే ఎవరి గింజ పగలదో వాడే గెలిచినట్టు. కంచె అవతల పడ్డ గింజలు మాత్రం మావి కావు.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా నాయనమ్మకు నియమాలు చాలా ఉండేవి. చీమల బారు తొక్కకూడదు. ఏ ప్రాణినీ ఏడిపించకూడదు. అబద్ధం ఆడకూడదు. ప్రతి అమావాస్యకూ, పోయిన తాత పేరిట పెట్టిన ముద్దను కాకి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినకూడదు. గారెల వాసనా, బెల్లం పరవాన్నం వాసనా పీలుస్తూ, నోరూరుతూ, కాకి కోసం చూరు కేసి చూస్తూ కూర్చునేవాళ్లం.

మెర్డెకాకు, అంటే దేశానికి స్వాతంత్ర్యం రావడానికి, ముందు ఏడాది ఒక అమావాస్యనాడు కాకులు రాలేదు. సిపాయిల కాల్పుల సాధనకు బెదిరి అవతలి చెట్లమీదే ఉండిపోయాయి. నాయనమ్మ బట్టలారేసే వెదురుగడతో అన్నం ఆకును కంచె కిందుగా బయటికి తోసింది. ఒక కాకి దిగి ముక్కు పెట్టింది. మేం తిన్నాం.

మర్నాడు మధ్యాహ్నం నేను బడినుంచి వచ్చేసరికి గేటు దగ్గర కానిస్టేబుల్ చేతిలో ఆ ఆకు ఉంది. మెతుకు లేదు. భోజనమయ్యాక మనం మడిచినట్టే రెండుగా మడిచి ఉంది. కాకి ఆకు మడవదు. ఎవరు పెట్టారని అడిగాడు. నిజం చెప్పే పిల్లవాడినన్న గర్వంతో, మా నాయనమ్మ అని చెప్పేశాను.

సాయంత్రం ఇన్‌స్పెక్టరు మా వరండాలోకి వచ్చాడు. నాన్న కూలీల మీద మాండోరు, అంటే మేస్త్రీ; మలయ్ భాష వచ్చినవాడు. ఆయనే అతని మాటలు మాకు తెలుగులో, మా మాటలు అతనికి మలయ్‌లో చెప్పాడు. ఇన్‌స్పెక్టరు గొంతు పెంచలేదు. మళ్లీ ఎప్పుడు పెడితే అప్పుడు అదే చోట పెట్టండి, మావాళ్లు తుపాకులతో పొంచి ఉంటారు, లేదంటే మాండోరును తీసుకెళ్తాం అన్నాడు.

"ఏడాదికొక్కసారే పెడతాం బాబూ," అంది నాయనమ్మ. "మన ఆకు మడత తెలిసినోడికి మన తిథి తెలీదా? వేరే రోజు పెడితే రాడు."

నాన్న ఒక్క మాటా మార్చకుండా చెప్పాడు. ఇన్‌స్పెక్టరు నావైపు తిరిగాడు. మధ్యాహ్నం నిజం చెప్పినవాడిని కదా. ఇది నిజమేనా అని అడిగాడు.

"బెతుల్," అన్నాను. నిజమే అని.

మా రేషన్‌లో వారం బియ్యం కోత వేసి వెళ్లిపోయాడు. నాన్న గోడకు చేరబడి, "నీ కాకి నా మాండోరు పని ఎత్తుకుపోయేది కదే అమ్మా," అన్నాడు.

"తిన్నోడిని సంపడానికి ఎర వెయ్యమన్నాడు. నా సేతి మెతుకు ఎర కాదు."

అబద్ధం ఆడావు కదా అని నేను గొణిగాను.

"ఆడినాను. రేపు పస్తుంటాను. నీ వంతుకి ఎల్లుండీ ఉంటాను."

ఉంది. ఆ అబద్ధం నిలవాలంటే మిగతా అమావాస్యలకు ముద్ద పెట్టకూడదు. కాకికి పెట్టనిదే తను తినకూడదు. కంచె తీసేదాకా ప్రతి అమావాస్యా ఆమెకు ఉపవాసమే.

ఆ సాయంత్రం గడిచిన పదిహేను రోజులకు తోటలో పక్క డివిజను లారీ డ్రైవరును అడవిలోవాళ్లు దారిలో కాల్చి చంపారు. కాల్చినవాడూ, ఆకు మడిచినవాడూ ఒకడేనో కాదో మాకు తెలియదు. నాయనమ్మ ఆ డ్రైవరు ఇంటికి వెళ్లి, అతని భార్య పక్కన నేలమీద కూర్చుని సాయంత్రందాకా ఏడ్చింది.

రెండు కొలతలు పొసగకపోతే ఏది చెల్లుతుందో పటం మీద ముందే రాసిపెట్టాలని మాకు టెక్నికల్ కాలేజీలో నేర్పారు. అబద్ధం ఆడకూడదు, ఏ ప్రాణినీ ఏడిపించకూడదు అన్న రెండు నియమాల్లో ఏది చెల్లుతుందో ఆమె నిలబడ్డచోటే తేల్చుకుంది. నేనింకా తేల్చుకోలేదు. ఇప్పుడు కంచె లేదు, లైను ఇళ్లు లేవు, తోటను ముక్కలు చేసి అమ్మేశారు, నాయనమ్మ లేదు. సెలవుకు వెళ్లినప్పుడు సుంగై పెటాని బస్టాండులో ఆ డ్రైవరు కూతురు కనబడితే, "అన్నా, బావున్నావా లా," అని అక్కడి యాసలో నవ్వుతూ పలకరిస్తుంది. బావున్నానని చెప్పి, నాది కాకపోయినా ముందొచ్చిన బస్సు ఎక్కేస్తాను.